పోలిష్ జోకుల పుట్టుకకు హిట్లర్ ఒక్కడే కారణం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

అమెరికాలో పోలిష్ వాళ్ల మీద చెప్పుకునే జోకుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఆ జోకులన్నీ నాజీల ప్రచార శాఖ తయారుచేసిందని, యుద్ధం అయ్యాక అవే అమెరికా టీవీల్లోకి ఎక్కాయని వ్యాసం తేల్చేసింది. పక్కనే, జర్మన్ ట్యాంకుల మీదికి కత్తులు దూసి గుర్రాలు ఉరికించిన పోలిష్ సైనికుల ఉదంతాన్ని జరిగిన చరిత్రగా బాక్సు కట్టి వేశారు. మొదటిది సగమే నిజం. రెండోది అబద్ధం. వ్యాసం ఏ ప్రచారాన్ని తప్పుపట్టిందో ఆ ప్రచారమే పుట్టించిన అబద్ధం. కాలేజీలో యూరప్ చరిత్ర చెప్పేవాళ్లం కాబట్టి ఈ రెండింటి గురించీ కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు ఒక తేడా గమనించాలి. జర్మనీలో పోలిష్ వాళ్ల మీద ఉన్న అపవాదు వేరు, అమెరికాలో పడిన ముద్ర వేరు. జర్మన్లు పాతకాలం నుంచీ అన్నది ‘క్రమం తెలియనివాళ్లు, పాలన చేతకానివాళ్లు’ అని. 1989 తర్వాత సరిహద్దులు తెరుచుకున్నాక దానికి ‘కార్ల దొంగలు’ తోడైంది. అమెరికన్లు అన్నది ‘బుర్ర లేనివాళ్లు’ అని. ఈ రెండు ముద్రలూ రెండు చోట్ల, ఇద్దరి అవసరాల కోసం పుట్టాయి. రెండింటినీ కలిపేస్తే అమెరికా తన చేత్తో చేసుకున్నది కూడా హిట్లర్ ఖాతాలో పడిపోతుంది.

జర్మన్ ముద్రకు మూలం చూడాలంటే నాజీల కంటే చాలా వెనక్కి, పోలండ్ పార్లమెంటు ‘సెయ్మ్’ దాకా వెళ్లాలి. అందులో ఏ ఒక్క సభ్యుడు లేచి ‘నాకు సమ్మతం కాదు’ అన్నా సరే, ఆ బిల్లుతో ఆగేది కాదు, ఆ సమావేశంలో అప్పటిదాకా ఆమోదించినవన్నీ రద్దయిపోయేవి. 1652లో మొదటిసారి ఇలా ఒక సభ్యుడి అభ్యంతరంతో సమావేశం కూలింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా అదే వరస. అపవాదులో నిజం పాలు ఏదైనా ఉందంటే ఇదే.

అయితే ఈ వ్యవస్థ అంతకాలం ఎలా నిలిచిందో కూడా చెప్పాలి. దాన్ని కాపాడింది పొరుగు రాజ్యాలు. పోలండ్‌ను ఆడించడానికి సైన్యం పంపనక్కర్లేదు, ఒక్క సభ్యుణ్ని కొంటే చాలు. ఈ వీటో పద్ధతి మార్చనివ్వకూడదని రష్యా, ప్రష్యా 1764లో ఒప్పందమే రాసుకున్నాయి. 1772లో ఆ రెండూ ఆస్ట్రియాతో కలిసి పోలండ్‌లో తలా ఒక ముక్క కోసుకున్నాయి. ఆ దెబ్బకు పోలిష్ వాళ్లు మేలుకున్నారు. 1773లో జాతీయ విద్యా కమిషన్ పెట్టారు, యూరప్‌లో విద్యకంటూ ఏర్పడిన తొలి ప్రభుత్వ శాఖగా దాన్ని చెబుతారు. 1791 మే 3న లిఖిత రాజ్యాంగం ఆమోదించి వీటోను ఎత్తేశారు. మరుసటి ఏడాదే రష్యా సైన్యం దిగింది. 1793లో రెండో పంపకం, 1795లో మూడోది. అక్కడితో దేశం పటంలోంచి పోయింది. మళ్లీ 1918 దాకా లేదు. పోలండ్‌ను మింగింది అది అస్తవ్యస్తంగా ఉన్నందుకు అంటారు కానీ, చక్కబడడం మొదలుపెట్టాకే పూర్తిగా మింగారు. తేదీలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

మింగినవాళ్లకు ఒక సాకు కావాలి. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ తనకు కొత్తగా దక్కిన పోలిష్ ప్రజల్ని అమెరికాలోని ఇరొక్వా తెగలతో పోల్చాడు. ఇద్దర్నీ ‘నాగరికం’ చేసే భారం తనలాంటివాళ్ల మీద ఉందన్నట్టు. 1784లో విల్నోలో (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్) పాఠాలు చెప్పడానికి వెళ్లిన గియోర్గ్ ఫోర్‌స్టర్ అనే జర్మన్ పండితుడు ఉత్తరాల్లో అక్కడి మురికినీ అడ్డదిడ్డాన్నీ ‘పోలిష్ నిర్వాకం’ అనే అర్థంలో రాశాడు. ఆ మాట జర్మన్లో సామెతలా స్థిరపడింది. వందేళ్ల తర్వాత జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ హయాంలో అదే ధోరణి చట్టమైంది. 1886లో 10 కోట్ల మార్కుల నిధితో ఒక కమిషన్ వేసి, పోలిష్ భూములు కొని జర్మన్ రైతులకు పంచడం మొదలుపెట్టారు. 1901లో వ్‌జెష్న్యా ఊళ్లో మత పాఠం జర్మన్‌లో అప్పజెప్పబోమన్న బడి పిల్లల్ని బెత్తాలతో కొట్టారు, అడగడానికి వెళ్లిన తల్లిదండ్రుల్ని జైల్లో పెట్టారు. ‘వాళ్లకు చేతకాదు కాబట్టి మేం ఏలుతున్నాం’ అని నమ్మించడమే ఈ మొత్తం వ్యవహారం పని.

నాజీలకు ఇదంతా తయారు సరుకుగా దొరికింది. వాళ్లు చేర్చిన క్రూరత్వం మాత్రం వేరే స్థాయిది. 1940 మేలో నాజీ ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్ రాసిన పత్రంలో, తూర్పు ప్రాంతాల జర్మనేతర పిల్లలకు నాలుగు తరగతులకు మించి బడి ఉండకూడదని, 500 వరకు లెక్క, తన పేరు రాసుకోవడం, జర్మన్ల మాట వినడం దైవాజ్ఞ అని తెలుసుకోవడం, ఇంతే నేర్పాలని ఉంది. చదవడం అవసరం లేదన్నాడు. అంతకు ముందే, 1939 నవంబర్ 6న, క్రాకోవ్‌లోని యగియెల్లోనియన్ విశ్వవిద్యాలయం ఆచార్యుల్ని ఉపన్యాసం ఉందని పిలిపించి, 180 మందికి పైగా అరెస్టు చేసి నిర్బంధ శిబిరాలకు పంపారు. పోలిష్ వాళ్లు పుట్టుకతోనే మొద్దులని నాజీలు నిజంగా నమ్మి ఉంటే ఈ పని చేయాల్సిన అవసరమే లేదు. చదువుకున్నవాళ్లంటే భయపడ్డారు కాబట్టే బడులు మూశారు.

ఇక గుర్రాల సంగతి. 1939 సెప్టెంబర్ 1, యుద్ధం మొదలైన రోజు సాయంత్రం, ఖొయ్‌నీత్సె పట్టణానికి దగ్గర్లోని క్రొయాంతి ఊరి వద్ద 18వ పొమెరేనియన్ ఉలాన్ (అశ్విక) దళం ఒక అడవి అంచున ఆగి ఉన్న జర్మన్ పదాతి దళాన్ని చూసింది. సుమారు 250 మంది రౌతులు ఒక్కసారిగా మీదపడ్డారు. పదాతి దళం చెదిరిపోయింది. అంతలో చెట్ల చాటు నుంచి జర్మన్ సాయుధ వాహనాలు వచ్చి మెషిన్ గన్‌లతో కాల్చాయి. దళ నాయకుడు కర్నల్ మస్తలెజ్ సహా చాలామంది పడిపోయారు. జరిగింది ఇంతే. ట్యాంకుల మీదికి ఎవరూ కత్తులతో వెళ్లలేదు. మర్నాడు జర్మన్లు విదేశీ విలేకరుల్ని ఆ చోటికి తీసుకొచ్చి, చచ్చిపడిన గుర్రాల్నీ రౌతుల్నీ చూపించారు. అప్పటికి ట్యాంకులు కూడా అక్కడికి చేరాయి. రెండూ ఒకే చోట కనిపించేసరికి విలేకరులు కథ అల్లేశారు, బెర్లిన్ దాన్ని ప్రపంచమంతా తిప్పింది.

పోలిష్ అశ్విక దళం పనిచేసే తీరు తెలిస్తే ఈ కథ నిలవదు. క్రొయాంతి లాంటి సందర్భాలు తప్పిస్తే, గుర్రం ప్రయాణానికే. పోరు దగ్గరపడగానే దిగి, నేల మీదే యుద్ధం చేసేవారు. వాళ్ల దగ్గర 37 మిల్లీమీటర్ల బోఫోర్స్ ట్యాంకు విధ్వంసక తుపాకులు ఉండేవి. అదే రోజు మొక్రా ఊరి దగ్గర వొలీనియా అశ్విక బ్రిగేడ్ ఆ తుపాకులతోనే జర్మన్ 4వ పాంజర్ (ట్యాంకుల) డివిజన్‌ను రోజంతా నిలువరించి ఎన్నో ట్యాంకుల్ని ధ్వంసం చేసింది. గుర్రాలు పోలండ్ వెనకబాటుకు గుర్తు అనేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. 1941లో సోవియట్ యూనియన్ మీదికి వెళ్లిన జర్మన్ సైన్యంలో 6 లక్షలకు పైగా గుర్రాలున్నాయి. ఇక వెనకబడిందన్న ఆ పోలిష్ సైన్యం కోసం పనిచేస్తున్న మరియన్ రెయెవ్‌స్కీ అనే యువ గణితవేత్త 1932 డిసెంబర్‌లోనే జర్మన్ ఎనిగ్మా సంకేత యంత్రం లోపలి అమరికను లెక్కకట్టి పట్టేశాడు. 1939 జూలైలో వార్సా దగ్గర పిరీ అడవిలో పోలిష్ అధికారులు బ్రిటిష్, ఫ్రెంచి వాళ్లను పిలిచి ఆ రహస్యాన్ని వాళ్ల చేతిలో పెట్టారు.

ఇప్పుడు అమెరికా. మా దృష్టిలో ‘మొద్దు పోలిష్’ ముద్రకు అసలు పుట్టిల్లు ఇక్కడే ఉంది, మీ వ్యాసం దాదాపు వదిలేసింది కూడా దీన్నే.

1870 నుంచి 1914 మధ్య ఇరవై లక్షల మందికి పైగా పోలిష్ వాళ్లు అమెరికా చేరారు. దేశం లేదు కాబట్టి కాగితాల్లో రష్యన్లు, ఆస్ట్రియన్లు, జర్మన్లుగా నమోదయ్యారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది భూమి చాలని, లేదా అసలు లేని రైతులు. రష్యా ఏలుబడిలోని పోలండ్‌లో వెట్టి పోయిందే 1864లో. 1863 తిరుగుబాటును అణిచాక అక్కడి బడుల్లోంచి పోలిష్ భాషను నెట్టేశారు. అందుకే అమెరికాలో దిగిన 14 ఏళ్లు దాటిన పోలిష్ వలసదారుల్లో సుమారు 35 శాతం మందికి చదవడం రాయడం రాదని అప్పటి ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. ఆ అంకె వాళ్ల బుర్ర గురించి చెప్పేది ఏమీ లేదు, వాళ్లను ఏలిన చక్రవర్తుల గురించి చెబుతుంది.

వాళ్లకు దొరికిన పనులు చికాగో కబేళాల్లో, పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో, పిట్స్‌బర్గ్ ఉక్కు కొలుముల దగ్గర, బఫలో, డెట్రాయిట్, మిల్వాకీ ఫ్యాక్టరీల్లో. 1907 ప్రాంతంలో ఉక్కు మిల్లులో మామూలు కూలీకి గంటకు 16.5 సెంట్లు. కొలిమి దగ్గర 12 గంటల షిఫ్టు, వారానికి ఏడు రోజులు. పగటి షిఫ్టు రాత్రికి మారే వారం ఏకబిగిన 24 గంటలు పనిచేయాలి. ఫోర్‌మన్ ఇంగ్లిష్‌లో అరుస్తాడు, కూలీకి అర్థం కాదు, చేతి సైగలతో పని నడుస్తుంది. అర్థం కాకపోతే ఆలస్యం, లేదా ప్రమాదం. తప్పు ఎప్పుడూ కూలీదే, వాడిది మట్టిబుర్ర కాబట్టి. బరువు మోసే పని ఇచ్చి, భాష నేర్చుకునే తీరిక ఇవ్వకుండా, ఆ పైన ‘వీడికి ఒళ్లే గానీ బుర్ర లేదు’ అని తేల్చడం. ఈ ముద్ర మొదలైంది యజమానికీ కూలీకీ మధ్య, ముందొచ్చిన కూలీకీ వెనకొచ్చిన కూలీకీ మధ్య. 1897 సెప్టెంబర్ 10న పెన్సిల్వేనియాలోని లాటిమర్‌లో చేతుల్లో ఆయుధం లేకుండా ఊరేగింపుగా వెళ్తున్న గని కార్మికుల మీద షెరిఫ్ మనుషులు కాల్పులు జరిపితే 19 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పోలిష్, స్లొవాక్, లిథువేనియన్ వలసదారులు. షెరిఫ్‌నూ అతని మనుషుల్నీ కోర్టు నిర్దోషులుగా వదిలేసింది.

ఈ కార్ఖానా తిట్టుకు శాస్త్రం ముద్ర కొట్టింది సైన్యం పరీక్షలు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సుమారు పదిహేడున్నర లక్షల మందికి తెలివి పరీక్షలు పెట్టింది. ఇంగ్లిష్ చదవగలిగితే ఆల్ఫా, రాకపోతే బీటా. ఆల్ఫాలో ఒక ప్రశ్న: క్రిస్కో అంటే మందా, క్రిమిసంహారిణా, టూత్‌పేస్టా, తినే వస్తువా? అది అక్కడ వంటకు వాడే కొవ్వు బ్రాండు. ఇంకొకటి: క్రిస్టీ మాథ్యూసన్ ఎవరు? బేస్‌బాల్ ఆటగాడు. బీటాలో బొమ్మలు చూపించి, లోపించిన భాగాన్ని పెన్సిల్‌తో గీయమనేవారు. 20 బొమ్మలకు 3 నిమిషాలు. ఒక దాంట్లో టెన్నిస్ కోర్టుకు నెట్ లేదు, ఒక దాంట్లో గ్రామఫోన్‌కు కొమ్ము లేదు. గలీషియా (ఆస్ట్రియా ఏలుబడిలోని పోలండ్) పల్లె నుంచి గనిలోకి, గనిలోంచి బారక్‌లోకి వచ్చినవాడు, చేత్తో పెన్సిల్ పట్టడం అదే మొదటిసారి అయినవాడు, కిక్కిరిసిన గదిలో వెనక వరసలో కూర్చుని సైగలు చూసి ఇది రాయాలి.

1921లో ఫలితాలు అచ్చయ్యాయి. పోలిష్ వలసదారుల సగటు ‘మానసిక వయసు’ సుమారు 10.7 ఏళ్లని తేల్చారు, తెల్ల అమెరికన్లది 13. దీనికి ఇంకో సంగతి జోడించి చూడండి. హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వవేత్త 1910లో మానసిక వయసు 8 నుంచి 12 ఉన్న పెద్దవాళ్లను ‘మోరాన్’ (మందబుద్ధి) అనే కొత్త వర్గం కింద చేర్చాడు. ఒక జాతి మొత్తం సగటున ఆ పెట్టెలో పడింది. 1940ల్లో అమెరికాలో ‘చిన్న మోరాన్’ జోకుల వెల్లువ వచ్చింది: గడియారాన్ని కిటికీలోంచి ఎందుకు విసిరాడు, కాలం ఎగిరిపోవడం (ఇంగ్లిష్‌లో ‘టైమ్ ఫ్లై’) చూద్దామని. 1960ల పోలిష్ జోకుల కట్టుబడి అచ్చంగా ఇదే, ఒక ప్రశ్న, ఒక వెర్రి జవాబు.

ఆ పరీక్షల మీద 1923లో కార్ల్ బ్రిగమ్ పుస్తకం రాశాడు. తూర్పు, దక్షిణ యూరప్ వాళ్లు దేశం తెలివిని దిగజారుస్తున్నారని అందులో వాదన. ఆయన పట్టికలోనే జవాబు ఉంది: అమెరికాలో 20 ఏళ్లకు పైగా ఉన్న వలసదారుల మార్కులు అక్కడ పుట్టినవాళ్లతో సమానంగా ఉన్నాయి. అంటే కొలిచింది తెలివిని కాదు, అమెరికా పరిచయాన్ని. ఆయన మాత్రం పాతగా వచ్చినవాళ్లు మంచి రక్తం, కొత్తవాళ్లు నాసిరకం అని చదువుకున్నాడు. 1924 వలస చట్టం ఈ పరీక్షల వల్లే వచ్చిందని మేం అనం, దాని వెనక వేరే ఒత్తిళ్లు చాలా ఉన్నాయి. కానీ గాలి ఒకటే. పోలిష్ వాళ్లు పెద్దసంఖ్యలో రాకముందరి 1890 జనాభా లెక్కను ఆధారం చేసుకుని, అందులో 2 శాతం చొప్పున కోటా పెట్టారు. జర్మనీకి ఏడాదికి 51,227 మంది, పోలండ్‌కు 5,982 మంది. 1930లో బ్రిగమ్ తన నిర్ధారణకు పునాది లేదని అచ్చులో ఒప్పుకున్నాడు. అప్పటికి చట్టం వచ్చి ఆరేళ్లయింది. అమెరికా కాలేజీల కోసం మన పిల్లలు రాసే శాట్ పరీక్షను 1926లో రూపొందించినది కూడా ఈయనే.

మరి జోకుల వెల్లువ 1960ల్లోనే ఎందుకొచ్చింది? అప్పటికి పోలిష్ కుటుంబాల్లో మూడో తరం కాలేజీలకు వెళ్తోంది కదా. జానపద పరిశోధకుడు అలన్ డండెస్ 1971లో చెప్పిన కారణం మాకు సబబుగా తోస్తుంది. పౌరహక్కుల ఉద్యమం తర్వాత నల్లజాతివాళ్ల మీద బహిరంగంగా జోకులేయడం మర్యాద కాకుండా పోయింది. ఎదురు తిరగని తెల్ల శ్రామికుడు సులువుగా దొరికాడు. క్రిస్టీ డేవిస్ అనే బ్రిటిష్ సామాజికవేత్త వాదన వేరు: మొద్దుతనం జోకులు ద్వేషంలోంచి పుట్టవు, కేంద్రంలో ఉన్నవాళ్లు అంచున ఉన్న తమలాంటివాళ్ల మీదే వేస్తారు. ఫ్రాన్స్‌లో బెల్జియం వాళ్ల మీద, బ్రిటన్‌లో ఐరిష్ మీద, కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ మీద, బ్రెజిల్‌లో పోర్చుగీసు మీద ఇవే జోకులున్నాయి. ఎవరి మీద పడతాయనేది డేవిస్ బాగా చెప్పాడు. ఎప్పుడు పడతాయనేది డండెస్ చెప్పాడు. టీవీ మాత్రం దాన్ని ఊరూరా చేర్చింది. లాఫ్-ఇన్ లాంటి హాస్య కార్యక్రమాల్లో వారం వారం వచ్చాయి. పోలిష్ అమెరికన్ కాంగ్రెస్ 1972లో ఒక జాతీయ చానల్ మీద ఫిర్యాదు చేసి, జవాబు చెప్పుకోవడానికి సమయం ఇప్పించమని ప్రసార నియంత్రణ సంఘాన్ని అడిగింది. సంఘం కాదంది, 1975లో అప్పీలు కోర్టూ కాదంది. 1978లో క్రాకోవ్ కార్డినల్ వోయ్‌తివా పోప్ కావడం, 1980లో గ్దాన్‌స్క్ ఓడల కార్ఖానాలో సాలిడారిటీ కార్మిక సంఘం పుట్టడం చేసిన మేలు ఏ కోర్టూ చేయలేదు.

జోకు ఎక్కడిదో పట్టడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. జాతి పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చూడాలి. ‘బల్బు బిగించడానికి ఎంతమంది పోలిష్ వాళ్లు కావాలి? ఐదుగురు. ఒకడు బల్ల ఎక్కి బల్బు పట్టుకుంటాడు, నలుగురు బల్ల తిప్పుతారు.’ ఇందులో పోలిష్ తిండి లేదు, చర్చి లేదు, భాష లేదు. సర్దార్జీ అని పెట్టినా అంతే నవ్విస్తుంది, పెట్టారు కూడా. సర్దార్జీ జోకులు ఆపించాలని మన సుప్రీంకోర్టుకు వెళ్తే, పౌరులకు నీతి సూత్రాలు తాము రాయలేమని 2017లో చెప్పింది. జర్మన్ల కారు జోకు అలా కాదు: ‘కారు ఇలా పోయింది, అలా పోలండ్ చేరింది’. పక్కనే సరిహద్దు లేకపోతే దానికి అర్థమే లేదు. పేరు మార్చినా నిలిచే జోకు ఆ జాతి గురించి చెప్పేది ఏమీ ఉండదు. చెప్పేవాడి కింద ఎవరున్నారో చెబుతుంది. మన సినిమాల్లో దశాబ్దాలపాటు హీరోకు కృష్ణా గుంటూరు భాష, రౌడీకీ హాస్యగాడికీ తెలంగాణ యాస, నౌకరుకు శ్రీకాకుళం యాస పెట్టిన లెక్క కూడా ఇదే.

చెప్పేవాడి భయం మారితే ముద్ర కూడా మారుతుంది. 2005లో ఫ్రాన్స్‌లో యూరప్ రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు అక్కడివాళ్లను భయపెట్టింది ‘పోలిష్ ప్లంబర్’. వాడు మొద్దు అని కాదు, పని బాగా వచ్చి తక్కువకు చేస్తాడని. పోలండ్ పర్యాటక శాఖ ఒక అందమైన ప్లంబర్ ఫొటోతో పోస్టర్ వేసింది: ‘నేను పోలండ్‌లోనే ఉంటాను, మీరే రండి’ అని.

మీ పత్రికను మేం అడిగేది రెండు. గుర్రాలు, ట్యాంకుల బాక్సుకు సవరణ వేయండి. క్రొయాంతిలో దాడి జరిగింది పదాతి దళం మీద అని, ట్యాంకుల కథ మర్నాడు అల్లినదని రెండు వాక్యాలు చాలు, కాకపోతే బాక్సు వచ్చిన పేజీలోనే, కనపడే సైజులో ఉండాలి. మీ వెబ్‌సైట్‌లో ఉన్న వ్యాసంలోనూ దాన్ని సరిచేయండి, ఎందుకంటే విద్యార్థులు సెమినార్ పేపర్లకు ఎత్తి రాసుకునేది అక్కడి నుంచే.

భవదీయులు,
ఇద్దరు చరిత్ర అధ్యాపకులు,
హనుమకొండ